నిరూపణలు కంఠస్థం చేయవలసినవేనా?

ఎమ్మెస్సీ గణితంలో ప్రథమశ్రేణి పొందిన సంవత్సరం, పరిశోధన విద్యార్థిగా చేరవలెనన్న ఆశతో ఒక సంస్థలో మౌఖిక పరీక్షకు వెళ్లాను. సమూహ సిద్ధాంతంలో నాకు నూటికి తొంబైకి పైగా మార్కులు వచ్చి ఉన్నాయి. సైలో సిద్ధాంతాల నిరూపణలను ఎక్కడా తడబడకుండా నల్లబల్లపై వ్రాయగలను. పరీక్షకులలో వృద్ధులైన ఒక ఆచార్యులు మాత్రం నన్ను నిరూపణ అడుగలేదు. "స్థిత్యంతర ధర్మాన్ని పాటించని అతి చిన్న సమూహాన్ని ఒకదానిని చూపించు నాయనా" అన్నారు. నేను మాట రాక నిలబడిపోయాను.

ఆ ప్రశ్నకు సమాధానం ఇంటర్మీడియెట్ విద్యార్థికి సైతం అందేదే. బల్లపై భారతం, భాగవతం, రామాయణం వరుసగా ఉన్నాయనుకుందాం. మొదటి రెండు గ్రంథాల స్థానాలను తారుమారు చేసి, తరువాత చివరి రెండింటిని మార్చితే భాగవతం, రామాయణం, భారతం అనే వరుస వస్తుంది. అదే పనిని ముందు చివరి రెండింటితో ఆరంభించి, పిదప మొదటి రెండింటిని మార్చితే రామాయణం, భారతం, భాగవతం అవుతుంది. చేసిన పనులు అవే. క్రమం మారినందున ఫలితం మారినది. మూడు వస్తువుల ఆరు ప్రస్తారాలు కలిసి ఏర్పరచే సమూహమే ఆచార్యులు కోరిన ఉదాహరణ. రెండు సంవత్సరాలు సమూహాలను గురించి చదివిన నేను, ఒక సమూహాన్ని చేతితో తాకి చూడలేదన్నమాట.

తప్పు నాదే. అయితే నా ఒక్కడిదే కాదు. నేను చదివిన చోట ప్రశ్నపత్రం ఎలా ఉంటుందో అందరికీ ముందే తెలుసు. గత ఐదేళ్ల ప్రశ్నలను వరుసగా పేర్చుకొని, "ముఖ్యమైనవి" అని గుర్తు పెట్టుకొని, నిరూపణలను పద్యాలవలె వల్లె వేసేవారము. మధ్యలో ఒక పంక్తి మరచిపోతే తరువాతి పంక్తికి దారి దొరికేది కాదు.

ధారణను నేను తక్కువ చేయడం లేదు. అవధానుల ధారణాశక్తికి తల వంచని తెలుగువారు ఉండరు. కాని అవధాని ఆ సభలోనే, పృచ్ఛకుడు విసిరిన సమస్యకు, అప్పటికప్పుడు తన పద్యం చెప్పవలసి ఉంటుంది. ఇంటివద్ద నేర్చుకొని వచ్చిన పద్యాన్ని అప్పగిస్తే ఏ పృచ్ఛకుడు అంగీకరిస్తాడు? స్నాతకోత్తర గణితవిద్యలో మనం అంగీకరిస్తున్నాము. నా అభ్యంతరమంతా ఇక్కడనే.

ఒక తరగతి గదిలో ఒక ప్రశ్న ఏమి చేయగలదో తెలియడానికి దూరం పోనక్కరలేదు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చదివి, ఉద్యోగాన్వేషణలో కలకత్తా చేరి, 1941లో అక్కడి భారతీయ సాంఖ్యక సంస్థలో ప్రవేశించారు. 1944లో, ఇరవై ఐదేళ్లు నిండకముందే, కలకత్తా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. విద్యార్థులకు పాఠం చెబుతున్నారు. నమూనా మిక్కిలి పెద్దదైనప్పుడు అంచనాలోని అస్థిరత ఒక హద్దుకంటె తగ్గజాలదన్న ఫిషర్ ఫలితాన్ని వివరిస్తూ ఉండగా, దండేకర్ అనే విద్యార్థి లేచి, నమూనా చిన్నదైతే ఏమవుతుందని అడిగాడు. రావుగారికి అప్పుడు సమాధానం తోచలేదు. ఆ రాత్రి కూర్చొని ఆలోచించి, మరునాడు తరగతిలో నిరూపణ చూపించారు. 1945లో ప్రచురితమైన ఆ ఫలితమే నేడు ప్రపంచమంతటా క్రామర్-రావు అసమీకరణంగా ప్రసిద్ధమైనది. 2023లో, నూట రెండేళ్ల వయస్సులో, ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారం లభించడానికి మూలం ఆ 1945 నాటి వ్యాసమే. అదే సంవత్సరం ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆకర్షించేది రావుగారి మేధస్సు కాదు; దానిని ఎవరు కాదంటారు? దండేకర్ లేచి నిలబడిన క్షణం నన్ను ఆకర్షిస్తుంది. "అది పాఠ్యప్రణాళికలో లేదు, కూర్చో" అని ఉంటే ఆ రాత్రి ఆలోచన సాగేదే కాదు.

పరీక్ష కోసమే గణితం నేర్చే జాడ్యం మన ఒక్కరిదే అనుకోరాదు. కేంబ్రిడ్జిలో గణిత పరీక్షలో ప్రథమస్థానం పొందినవానికి ఒకప్పుడు గొప్ప బిరుదు ఉండేది. ఆ స్థానం కోసం ధనవంతులు ప్రత్యేక శిక్షకులను నియమించుకొనేవారు. ఆ పద్ధతి గణితాన్ని చంపుతున్నదని హార్డీ వంటివారు పోరాడగా, 1909తో ర్యాంకుల వరుసను ప్రకటించడం నిలిచిపోయింది. మన పత్రికలలో ర్యాంకుల ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తుకు వస్తుంది.

మన దేశంలోనూ వేరు దారి చూపినవారు ఉన్నారు. 1993లో ఆచార్య కుమరేశన్ ప్రారంభించిన వేసవి గణిత శిక్షణ శిబిరాలలో అధ్యాపకుడు ఉపన్యసించడం తక్కువ, ప్రశ్నించడం ఎక్కువ. విద్యార్థి ఉదాహరణ చెప్పాలి, తప్పు చెప్పాలి, ఆ తప్పును తానే పట్టుకోవాలి. తప్పు చెప్పడానికి సిగ్గుపడనవసరం లేని గది మన విశ్వవిద్యాలయాలలో ఎన్ని ఉన్నాయి?

నా సూచన చిన్నది. ప్రతి సెమిస్టరులో ఒక పేపరుకు వ్రాతపరీక్ష బదులు మౌఖిక పరీక్ష పెట్టాలి. అందులో నిరూపణ అడుగరాదు. సిద్ధాంతంలోని ఒక షరతును తొలగిస్తే ఏమవుతుందో అడగాలి. ప్రతివారం రెండు గంటలు, సమాధానం ఏ పుస్తకంలోనూ లేని లెక్కలతో విద్యార్థులను వదలిపెట్టాలి. ఆ రెండు గంటలలో లెక్క తేలకపోయినా ఫరవాలేదు.

ఈ మాట అన్నప్పుడు సహాధ్యాపకులొకరు, "అరవైమంది విద్యార్థులకు మౌఖిక పరీక్ష ఎవరు జరుపుతారు? ఉన్న అధ్యాపకులెందరు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఖాళీలను నింపకుండా పద్ధతిని మార్చమనడం సగం మాటే అవుతుంది. కాని మనిషికి ఇరవై నిమిషాల చొప్పున అరవైమందికి పట్టేది ఇరవై గంటలు. ఇద్దరు అధ్యాపకులు పంచుకొంటే, రోజుకు ఐదు గంటల వంతున రెండు రోజులు. ఒక్కొక్కటి ముప్పై పుటలుండే అరవై జవాబుపత్రాలను దిద్దడానికి నాకు అంతకంటె ఎక్కువ కాలమే పడుతున్నది.