కుక్కరు ఈల... రైలు కూత!

పోయిన ఆదివారం మా వంటింట్లో ఒక చిన్న పేలుడు జరిగింది. కంగారు పడకండి, ఎవరికీ ఏమీ కాలేదు. కుక్కర్లో పప్పు పడేసి, పక్కింటి పిన్నిగారు పిలిస్తే గోడ దగ్గర నిలబడి కబుర్లలో పడ్డాను. నీళ్లు తక్కువ పోశానన్న సంగతీ గుర్తులేదు, ఈలలు లెక్కపెట్టిందీ లేదు. ఇంతలో బుస్సుమని పెద్ద చప్పుడు! పరుగెత్తి చూద్దును కదా, సేఫ్టీ వాల్వు పోయింది. వంటింటి గోడకి కందిపప్పుతో పసుపుబొట్లు పెట్టినట్టుంది.

మావారు పేపరు పట్టుకుని గుమ్మందాకా వచ్చి, "రోజూ చేసే పనేగా, ఆమాత్రం చూసుకోవద్దూ?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. రోజూ చేసే పని కాబట్టే కదండీ, అది ఎవరి కంటికీ ఆనదు! ఒక్కరోజు తప్పితేనే అందరికీ కనిపిస్తుంది.

మా మనవడు మాత్రం మంచి ప్రశ్న వేశాడు. వాడికి టీవీలో వచ్చే థామస్ రైలింజను బొమ్మలంటే ప్రాణం. "అమ్మమ్మా, ఆవిరి రైలింజను కూడా ఇలాగే పేలుతుందా?" అని అడిగాడు. గోడ తుడుస్తూ వాడికి చెప్పిన కథే ఈ వారం మీకూ చెబుతున్నాను.

ఆవిరి ఇంజను అంటే చక్రాలున్న పెద్ద ప్రెషరు కుక్కరే అనుకోండి. మన కుక్కర్లో నీళ్లు లోపల, మంట బయట. ఇంజనులో మంట ఒక ఇనప్పెట్టెలో ఉంటుంది. ఆ పెట్టె చుట్టూ, పైనా నీళ్లుంటాయి. ఆవిరి మితిమీరితే వదిలెయ్యడానికి దానికీ సేఫ్టీ వాల్వు ఉంటుంది. ఇంకో చిత్రం వినండి. నిప్పుపెట్టె పైకప్పులో సీసం నింపిన ఇత్తడి బిరడా ఒకటి బిగిస్తారు. నీళ్లు ఉన్నంతసేపూ అది కరగకుండా ఉంటుంది. నీళ్లు ఆ కప్పు కిందికి దిగిపోతే సీసం కరిగి, ఆవిరి బుస్సుమని నిప్పులమీదికి దూకుతుంది. "నీళ్లయిపోయాయి బాబోయ్" అని ఇంజను పెట్టే కేక అది! మన కుక్కరు సేఫ్టీ వాల్వులో కరిగే లోహం చేసే పనీ అదే. ఆదివారం నాడు అది తన ప్రాణం తీసుకుని నన్ను కాపాడింది.

చిన్నప్పుడు బొగ్గు రైలెక్కినవాళ్లకి కంట్లో పడ్డ నలుసులు, మసిబారిన తెల్లబట్టలు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు అలాంటి బండి చూడాలంటే ఊటీకో, డార్జిలింగుకో వెళ్లాలి. ఆ బండ్లు మన ప్రభుత్వ రైల్వేవారివి. నేను చెప్పబోయేది మాత్రం మామూలు మనుషులు తమ చేతులతో బతికించుకున్న బండి కథ.

బ్రిటన్‌లో వేల్స్ అని ఒక కొండల సీమ ఉంది. అక్కడ సముద్రం ఒడ్డున టవిన్ అనే చిన్న ఊరు. పై కొండల్లో ఇళ్ల కప్పులకు వాడే పలకరాతి గని ఉండేది. ఆ రాయి కిందికి దించడానికి 1860లలో ఒక బుల్లి రైలుదారి వేశారు. దాని పేరు తలిథ్లిన్ రైల్వే. పట్టాల మధ్య ఎడం రెండడుగుల మూడంగుళాలే. మన వంటింటి గుమ్మంకన్నా ఇరుకన్నమాట!

1911లో ఆ గనినీ, రైలునీ సర్ హేడెన్ జోన్స్ అనే పెద్దమనిషి కొన్నారు. లాభాలు తగ్గిపోయినా, 1946లో గని కూలి మూతపడినా ఆయన బండి ఆపలేదు. "నేను బతికున్నంతకాలం ఇది నడుస్తుంది" అని మాటిచ్చి, నష్టాన్ని సొంత జేబులోంచి భరించారు. అయితే పట్టాలు బాగుచేసే స్తోమత ఎక్కడిది? స్లీపర్లు పుచ్చిపోయాయి. పట్టాలమధ్య మోకాళ్లదాకా గడ్డి. పట్టాలను పట్టుకుని ఉన్నది మేకులు కాదు, గడ్డి వేళ్లే అన్నట్టుండేది పరిస్థితి. 1950 జులైలో ఆయన కన్నుమూశారు. ఇక ఆ బండి పని అయిపోయిందనే అనుకున్నారంతా.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. "నేనున్నంతకాలం" అన్న ఆ మాట మీరెప్పుడూ అనలేదూ? నేను అన్నాను. రెండేళ్లకిందట పదిరోజులు జ్వరంతో మంచాన పడ్డాను. పోపులడబ్బాలో ఏది జీలకర్రో, గ్యాసుకి ఎవరికి ఫోను చెయ్యాలో, పాలవాడి లెక్క ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. అప్పుడు మాత్రం "నేను లేకపోతే ఈ ఇల్లు నడవదు" అని లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా. ఈ రైలు సంగతి తెలిశాక అందులో గర్వించాల్సింది ఏముందా అనిపించింది. ఒక్క మనిషి చేతిమీద నడిచే బండి ఎంత మంచిదైనా ఆ మనిషితోనే ఆగిపోతుంది కదా!

తలిథ్లిన్ బండి మాత్రం ఆగలేదు. 1950 అక్టోబరు 11న బర్మింగ్‌హామ్ నగరంలో టామ్ రోల్ట్ అనే రచయిత, ఆయన స్నేహితులు సభ పెట్టారు. జీతంబత్తెం లేకుండా మనమే ఈ బండి నడుపుకుందాం అని సంఘం కట్టారు. 1951 మే 14న మళ్లీ కూత వినిపించింది. జీతం లేని మనుషులు ఒక రైల్వేని కాపాడుకోవడం ప్రపంచంలో అదే మొదలు.

అయితే అప్పటికి నడిచే ఇంజను ఒక్కటే, డోల్గోఖ్. అది 1866 నాటిది! దాన్ని పాపం ఎంతని లాగిస్తారు? దగ్గర్లో మూతపడ్డ ఇంకో రైలుదారి ఇంజన్లు రెండింటిని, ఒక్కొక్కటి 25 పౌండ్లకి కొన్నారు. ఒకదానికి పాత యజమాని గుర్తుగా సర్ హేడెన్ అని పేరు పెట్టారు. తీరా పట్టాలెక్కిస్తే అది మాటిమాటికీ జారి కిందపడేది. ఇంజనులో లోపమేమీ లేదు. పట్టాల ఎడం ఉండాల్సినదానికన్నా కాస్త ఎక్కువ, దాని చక్రాల అంచేమో సన్నం. కొత్త మిక్సీ కొన్నాం సరే, ప్లగ్గు పాయింటు వదులైతే ఏం లాభం?

అప్పుడు తెలిసింది వాళ్లకి, అసలు పని ఇంజను మీద కాదు, నేలమీద అని. పుచ్చిన స్లీపరు తీసి కొత్తది వెయ్యడం, కింద కంకర కూరి గట్టిచెయ్యడం, ఎడం కొలిచి చూసుకోవడం, పొదలు నరకడం, వాననీరు నిలవకుండా కాలువలు తియ్యడం... ఈ చాకిరీ ఎక్కువగా బండ్లు తక్కువుండే చలికాలంలో, ఆ వాన తుంపరల్లోనే. అది చూసి చప్పట్లు కొట్టేవాళ్లు ఎవరూ ఉండరు. ఒకసారి చేస్తే తీరిపోయేదీ కాదు. ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్లేసరికి ఈ చివర మళ్లీ గడ్డి మొలుస్తుంది. అంట్లు తోమినట్టే!

ఇంజనుకీ అంతే. తెల్లవారుజామునే లేచి, బూడిద తీసి, చితుకులతో నిప్పు రాజెయ్యాలి. తొందరపడి పెద్దమంట పెట్టకూడదు, లోహం మెల్లగా వేడెక్కాలి. ఆవిరి కట్టేసరికి కొన్ని గంటలు పడుతుంది. ఉప్పునీళ్లు కాచే గిన్నెకి తెల్లపొర కట్టినట్టు బాయిలరుకీ కడుతుంది. అందుకే అప్పుడప్పుడూ చల్లార్చి కడిగి తీరాలి.

సరదాలూ లేకపోలేదు. 1984లో మొదలైన రైలుతో పరుగుపందెం ఊరికి పెద్ద పండగ. రైలు టవిన్‌లో బయల్దేరి కొండకి వెళ్లి వచ్చేలోగా, పొలాలకి అడ్డంపడి సుమారు 14 మైళ్లు పరుగెత్తి దాన్ని ఓడించాలి! క్రిస్మస్ రోజుల్లో పిల్లలకి తాతయ్య బండి. అన్నట్టు, మా మనవడి థామస్‌ని పుట్టించిన ఆడ్రీ అనే మతగురువు కూడా ఈ రైల్లో ఊరికే వచ్చి గార్డుగా పనిచేశారు. ఒకరోజు ఆయన తొందరపడి పచ్చజెండా ఊపేస్తే, పాపం టీ అమ్మే ఆవిడ స్టేషన్లోనే ఉండిపోయిందట! ఆ తప్పునే ఆయన తర్వాత పిల్లల కథగా మలిచారు. టీ పెట్టే మనిషిని మరచిపోయి బండి వెళ్లిపోవడం మనకేం కొత్త కాదులెండి!

ఇప్పుడు ఆ దారి ఏడుంపావు మైళ్లు. జీతంమీద ఉన్నది కొద్దిమందే. మిగతావాళ్లు సెలవుల్లో వచ్చి పనిచేసేవాళ్లు. వచ్చినవాళ్లు ముందు తుడవడం నేర్చుకుంటారు, తర్వాత బొగ్గు వెయ్యడం, ఆ తర్వాతే నడపడం. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి నేర్పుతారు. సర్ హేడెన్ ఒక్కరూ మోసింది ఇప్పుడు వందలమంది పంచుకుంటున్నారు. అందుకే ఆ డోల్గోఖ్ ఇంజను నూట యాభై ఏళ్లు దాటినా బతికుంది.

కథ అయ్యాక మావారి చేతికి కొత్త వాల్వు, పానా ఇచ్చాను. "బిగించండి, నేను చెబుతాను" అన్నాను. కాస్త గొణిగినా బిగించారు. వెయిటు గొట్టం వెలుతుర్లో పెట్టి చూడటం మా మనవడి వంతు. ఇంత చిన్న పని అప్పగించడానికి నాకు ముప్ఫై ఏళ్లు పట్టింది. మీరు అంతకాలం ఆగకండి!

ఈ వారం చిట్కా: కుక్కరు మూత పెట్టేముందు వెయిటు గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి. పప్పులైతే సగానికి మించి నింపవద్దు. నీళ్లు లేకుండా పొయ్యి మీద పెట్టవద్దు. సేఫ్టీ వాల్వు పోతే ఏదో ఒకటి కుక్కి నడిపించకండి, ఆ కంపెనీదే కొత్తది వేయించండి. రబ్బరు గట్టిపడినా, చీలినా వెంటనే మార్చండి. ఇవన్నీ ఇంట్లో ఇంకొకరికి తప్పక నేర్పండి.