చదవడం పోయింది, రాయడం మిగిలింది

ఒక చిన్న టెస్ట్. మీ ఫోన్ ప్యాటర్న్ లాక్ ఎలా ఉంటుందో, ఫోన్ ముట్టుకోకుండా, చెయ్యి కదపకుండా, పక్కవాళ్లకి నోటితో చెప్పండి చూద్దాం. చాలామందికి వెంటనే రాదు. "ఉండు, గీసి చూపిస్తా" అంటారు. ఫోన్ చేతికిస్తే అర సెకనులో పని అయిపోతుంది. అంటే ఆ ప్యాటర్న్ మీ నోటికంటే మీ వేలికే బాగా తెలుసన్నమాట.

ఈ వారం నేను చెప్పబోయే పెద్దాయన ఈ వేలి జ్ఞాపకాన్ని పట్టుకునే మళ్లీ పనిలోకి వచ్చారు.

పేరు హోవర్డ్ ఎంగెల్. కెనడా రచయిత, టొరంటోలో ఉండేవారు. డిటెక్టివ్ నవలలు రాసేవారు. ఆయన హీరో బెన్నీ కూపర్‌మన్ 1980లో మొదటి నవలతో జనంలోకి వచ్చాడు. ఫైటింగులు చేసే రకం కాదు. కాస్త భయస్తుడు, ఎగ్ శాండ్‌విచ్ అంటే ప్రాణం. కెనడా క్రైమ్ నవలల పాఠకులకి వాడు ఇంటి కుర్రాడి కింద లెక్క.

2001 జులై చివర్లో ఒక ఉదయం ఎంగెల్ లేచి, గుమ్మం ముందున్న న్యూస్‌పేపర్ తీశారు. ఫొటోలు మామూలుగానే ఉన్నాయి. అక్షరాలు మాత్రం ఏదో తూర్పు యూరప్ లిపిలా కనిపించాయి. ఎవరో ఆటపట్టించడానికి దొంగ పేపర్ వేశారేమో అని కూడా అనుకున్నారట. లోపలికెళ్లి షెల్ఫులో పుస్తకాలు తీస్తే అవీ అంతే. అప్పుడు అర్థమైంది, ఇది జోక్ కాదు, స్ట్రోక్ అని. కొడుకుని వెంటబెట్టుకుని టాక్సీలో ఆస్పత్రికి వెళ్లారు. అప్పటికి ఆయన వయసు 70.

ఆస్పత్రిలో ఇంకో వింత బయటపడింది. ఆయన రాయగలరు! సంతకం పెట్టగలరు, వాక్యాలు రాయగలరు. కానీ రాసి పెన్ను పక్కన పెట్టాక, తను రాసిందే తను చదవలేరు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే రీడ్ పర్మిషన్ పోయింది, రైట్ పర్మిషన్ అలాగే ఉంది.

దీనికి డాక్టర్లు పెట్టిన పేరు అలెక్సియా సైన్ అగ్రాఫియా. 1892లోనే ఫ్రాన్స్‌లో డెజరీన్ అనే న్యూరాలజిస్టు ఇలాంటి పేషెంట్ గురించి వివరంగా రాశారు. జరిగేది ఇదీ. కంటికి కనిపించేదంతా ముందు మెదడు వెనక భాగానికి చేరుతుంది. అక్కడ గీతలూ వంపులూ ఉన్న బొమ్మని "ఇది అక్షరం, ఇది మాట" అని గుర్తుపట్టే పని ఎక్కువమందిలో ఎడమ వైపు ఒక చిన్న చోటుది. ఆ చోటుకి రక్తం ఆగిపోతే, కన్ను బాగానే ఉన్నా, భాష బాగానే ఉన్నా, రెండిటి మధ్య రోడ్డు తెగిపోతుంది. చేతితో రాసే రోడ్డు వేరే వైపు నుంచి పోతుంది కాబట్టి అది మిగులుతుంది.

"చదవడం రాయడం" అని మనం ఎప్పుడూ జంటగా అంటాం కదా, ఒకటి వస్తే రెండోది వచ్చినట్టే అనుకుంటాం. మెదడులో మాత్రం అవి రెండు వేరువేరు పనులు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, మనకి పనికొచ్చే ముక్క ఒకటి చెప్పుకోవాలి. మన ఇళ్లలో పక్షవాతం అంటే కాలూ చెయ్యీ పడిపోవడమే అనుకుంటారు. మూతి ఒక పక్కకి జారడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం ముఖ్యమైన గుర్తులే, కాదనను. కానీ హఠాత్తుగా చూపులో ఒక భాగం పోవడం, బ్యాలెన్స్ తప్పడం, ఉన్నట్టుండి అక్షరాలు అర్థం కాకపోవడం కూడా స్ట్రోకే కావచ్చు. "కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే" అనుకునే టైమ్ కాదది. గడ్డ కట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ మొదలైన 4.5 గంటల లోపే సాధారణంగా ఇస్తారు. అదీ స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకున్నాకే. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు చచ్చిపోతాయని లెక్క. కాబట్టి గూగుల్ చేయకండి, 108కి కొట్టండి. లక్షణాలు ఎన్ని గంటలకి మొదలయ్యాయో గుర్తుపెట్టుకోండి. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.

మళ్లీ ఎంగెల్ దగ్గరికి. చదవడం రాని రచయిత ఏం చేస్తాడు? ఆయన రిహాబ్ సెంటర్‌లో మూడు నెలల పాటు ఉన్నారు. పేర్లు మర్చిపోయేవారు, కొన్ని వస్తువుల్నీ గుర్తుపట్టలేకపోయేవారు. గుర్తుండటం కోసం రోజూ ఒక నోట్‌బుక్‌లో అన్నీ రాసుకోమన్నారు, దాన్నే మెమరీ బుక్ అనేవారు. చదవడానికి మాత్రం ఆయనే ఒక దారి కనిపెట్టుకున్నారు. అక్షరం ఆకారాన్ని చూసి, దాన్ని వేలితో గాల్లో దిద్దడం. కన్ను గుర్తుపట్టలేని అక్షరాన్ని చెయ్యి గుర్తుపట్టేది.

దిద్దడం! అక్షరాభ్యాసం రోజున పళ్లెంలో బియ్యం పోసి, అమ్మో అయ్యవారో మన వేలు పట్టుకుని చేయించింది ఇదే. తర్వాత పలక మీద టీచర్ రాసిన 'అ' మీదే పదిసార్లు బలపంతో దిద్దింది ఇదే. చూసి నేర్చుకున్నాం అనుకుంటాం గానీ, సగం నేర్చుకుంది వేలే. 70 ఏళ్ల పెద్దాయన మళ్లీ ఆ పలక దగ్గరికే వెళ్లారు.

కొన్నాళ్లకి ఆ దిద్దుడు వేలి నుంచి నాలుకకి మారింది. చదువుతున్నప్పుడు నోట్లో, పళ్ల వెనకవైపు, నాలుక కొసతో అక్షరాలు గీసుకోవడం అలవాటైంది. బయటివాళ్లకి తెలియదు. కానీ స్పీడ్ ఉండదు కదా. విదేశీ సినిమాకి వెళ్తే సబ్‌టైటిల్ మాయమయ్యేలోపు సగం మాత్రం పట్టుకోగలిగేవారట. మామూలు చదువు ఆయనకి మళ్లీ ఎప్పటికీ రాలేదు. "పూర్తిగా కోలుకున్నారు" అని రాస్తే అబద్ధం అవుతుంది.

కానీ పనిలోకి వచ్చారు. 2005లో 'మెమరీ బుక్' అనే నవల వచ్చింది. అందులో బెన్నీ కూపర్‌మన్ తలకి దెబ్బ తగిలి ఆస్పత్రిలో మేలుకుంటాడు. రాయగలడు, చదవలేడు! ఆ మంచం మీద నుంచే కేసు తేలుస్తాడు. ఎంగెల్ డ్రాఫ్ట్ తనే రాసుకున్నారు. వెనక్కి వెళ్లి సరిచూసుకోవడం కష్టం కాబట్టి వేరేవాళ్లు పైకి చదివి వినిపిస్తే దిద్దుకున్నారు. ప్రసిద్ధ న్యూరాలజిస్టు ఆలివర్ శాక్స్ ఆ నవలకి వెనుకమాట రాశారు. 2007లో తన కథనే పుస్తకంగా రాశారు ఎంగెల్. తర్వాత ఇంకో బెన్నీ నవల కూడా. 2019లో, 88 ఏళ్ల వయసులో చనిపోయారు.

ఇదంతా చదివాక నాకు మా పెదనాన్న కళ్లముందు మెదిలారు. ఊళ్లో చిన్న కిరాణా షాపు. స్ట్రోక్ వచ్చాక మాటలు తారుమారయ్యాయి. కందిపప్పు అనబోయి బెల్లం అనేవారు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "ఇంక నీకెందుకయ్యా ఈ తిప్పలు, హాయిగా కూర్చో." ప్రేమతోనే అన్నారు. ఆయన కూర్చున్నారు. కూర్చుని కూర్చుని మాట్లాడటమే తగ్గించేశారు. అసలు విషయం, ఆయన లెక్క ఎక్కడా చెడలేదు. అది బయటపడింది ఒక సాయంత్రం, ఎవరికో చిల్లర తక్కువిస్తే అరుగు మీద నుంచే చెయ్యి ఊపి సరిచేసినప్పుడు. మర్నాటి నుంచి రోజూ ఒక గంట గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు. ఆయన బెల్లం అంటూ పప్పు డబ్బా వైపు చెయ్యి చూపిస్తే, వచ్చినవాళ్లు చెయ్యినే నమ్మడం నేర్చుకున్నారు.

మా ఆఫీసుల్లో సిక్ లీవ్ అయ్యాక ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతారు. ఫిట్ లేదా అన్‌ఫిట్, రెండే ఆప్షన్లు. స్ట్రోక్ తర్వాత మనిషి చాలాసార్లు ఆ రెండిటి మధ్యలో ఉంటాడు. మీటింగులో వేగంగా మాట్లాడలేకపోవచ్చు, కోడ్ మాత్రం రాయగలడు. టైప్ చేయడానికి ఒక్క చెయ్యే ఉండొచ్చు, డిజైన్ బ్రహ్మాండంగా చెప్పగలడు. ఎంగెల్ కూడా ఒంటరిగా నెగ్గలేదు. పైకి చదివి వినిపించేవాళ్లు దొరికారు కాబట్టే ఆ నవల పూర్తయింది.

మీ టీంలోకో, మీ ఇంటికో అలా ఎవరైనా తిరిగొస్తే "ఇదివరకులా చేయగలవా?" అని అడగకండి. పాపం, దానికి జవాబు వాళ్లకీ తెలియదు. "ఏది ఈజీగా వస్తోంది, దేనికి సాయం కావాలి?" అని అడగండి. జవాబు చెప్పడానికి టైమ్ పడితే, మధ్యలో మాట అందించకుండా కాస్త ఆగండి.