అరలో పరిచిన పేపరు

సంక్రాంతి వస్తోందంటే వంటింటి అరలు దులుపుకోవడం మనందరికీ ఉన్న పనే. డబ్బాలన్నీ కిందికి దింపి, అరలు తుడిచి, పాత పేపరు తీసేసి కొత్తది పరుస్తాం. అయితే ఆ పాత పేపరు తీసేటప్పుడు మాత్రం చెయ్యి ఆగిపోతుంది. ఎప్పుడో చదవకుండా వదిలేసిన వార్తలన్నీ అప్పుడే చదవాలనిపిస్తుంది. అవునా, కాదా?

నాలుగైదేళ్ళ కిందట నేనూ అలాగే చతికిలబడి చదువుతున్నాను. ఆవకాయ జాడీ కింద నూనె మరక పడ్డ కాగితంలో ఓ చిన్న ప్రకటన కనిపించింది. సంగీతం, నాట్యం, చిత్రలేఖనం లాంటివి నేర్చుకుంటున్న 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తారట, దరఖాస్తు చేసుకోండి అని. తేదీ చూశాను. రెండేళ్ళ కిందటిది!

నా గుండె గుభేలుమంది. ఎందుకంటారా? మా ఎదురింట్లో ఓ అమ్మాయి ఉంది. వయొలిన్ నేర్చుకునేది. సాయంత్రం నేను కూర తరుక్కుంటుంటే వాళ్ళ వరండాలోంచి వర్ణం వినిపించేది. తండ్రి బట్టల కొట్లో గుమాస్తా. ఆ ప్రకటన వచ్చేనాటికి పిల్లకి 13 ఏళ్ళు. నేను చదివేనాటికి 15 నిండాయి. అప్పటికి నెల రోజుల కిందటే వయొలిన్ పాఠం మానిపించేశారు. టెన్త్ ట్యూషన్ ఫీజూ, వయొలిన్ మాస్టారి ఫీజూ రెండూ కట్టడం వాళ్ళ వల్ల కాలేదు.

ఆ కాగితం చేత్తో పట్టుకుని ఎదురింటికి వెళ్ళాను. "వదినగారూ, నా నెత్తిన మీరు మొట్టికాయ వెయ్యాలి. రెండేళ్ళు దీని మీద ఆవకాయ జాడీ పెట్టుకుని కూర్చున్నాను" అన్నాను. ఆవిడ చదివి, కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "ఆ పేపరు మా ఇంటికీ వచ్చింది వదినా. నేనేమో దాన్ని గోరుచిక్కుళ్ళు తుంచుకోడానికి పరిచి ఉంటాను."

చూశారా! తప్పు నాదీ కాదు, ఆవిడదీ కాదు. ఇలాంటివి మన పిల్లల కోసం కూడా ఉంటాయని మనకెవరూ చెప్పలేదు. అందుకే ఈ వారం ఆ సంగతులు కాస్త వివరంగా చెప్పుకుందాం.

ఢిల్లీలో సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం అని ఒకటుంది. అందరూ సీసీఆర్‌టీ అంటారు. 1979లో కమలాదేవి చటోపాధ్యాయ, కపిలా వాత్స్యాయన్ గార్ల చొరవతో ఏర్పడింది. ఇద్దరూ మహిళలే, గమనించండి! ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఒకటి మన హైదరాబాదులోనే, మాదాపూర్‌లో ఉంది. బాలల ప్రతిభకు ఇచ్చే ఈ స్కాలర్‌షిప్ పథకం 1982లో మొదలైంది. ఏటా 650 మంది దాకా పిల్లల్ని ఎంపిక చేస్తారు. ఏడాదికి 3,600 రూపాయలు, దాంతోపాటు గురువుకు కట్టే ఫీజు కింద 9,000 దాకా ఇవ్వడం ఈ పథకంలో పద్ధతి. రెండేళ్ళకోసారి పిల్లల పురోగతి చూసి పొడిగిస్తూ పోతారు. అలా 20 ఏళ్ళు వచ్చేదాకా, లేదా మొదటి డిగ్రీ పూర్తయ్యేదాకా అందుతుంది. నిబంధనలు మారుతుంటాయి గనుక ఆ ఏటి ప్రకటన తప్పకుండా చూసుకోండి.

"అదెంత డబ్బండీ!" అంటారేమో. నిజమే, పెద్ద మొత్తమేం కాదు. కాని ఒక మధ్యతరగతి ఇంట్లో "ఈ నెల పాఠం మానేద్దామా?" అనే ప్రశ్న రాకుండా ఆపడానికి అది చాలు. అన్నిటికంటే ముఖ్యం, పిల్ల నేర్చుకునేది ఊసుపోక కాదని ఇంట్లో మగవాళ్ళక్కూడా నమ్మకం కుదురుతుంది!

ఇంకో మంచి సంగతి. తరతరాలుగా కళనే నమ్ముకున్న కుటుంబాల పిల్లలకు ఈ పథకంలో విడిగా కొన్ని కేటాయించారు. తోలుబొమ్మలాట వాళ్ళు, నాదస్వరం, డోలు వాయించే వాళ్ళు, ఇలాంటి ఇళ్ళ పిల్లలన్నమాట. అంతరించిపోతున్న కళలకు ప్రాధాన్యం కూడా ఇస్తారు. మీ ఇంటికి వచ్చే వాళ్ళలో, మీ గుడి దగ్గర అలాంటి పిల్లలుంటే ఈ కబురు వాళ్ళ చెవిన వెయ్యండి. పేపరు కొనని ఇంటికి ప్రకటన ఎలా చేరుతుంది చెప్పండి?

మరి 14 ఏళ్ళు దాటిన పిల్లల మాటేమిటి? 18 నుంచి 25 ఏళ్ళ యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ పథకం మరొకటి ఉంది. అందులో రెండేళ్ళపాటు నెలకు 5,000 చొప్పున ఇస్తారు. ఈ రెండిటికీ మధ్య వయసులో ఉన్నవాళ్ళకు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలున్నాయి. విజయనగరంలో మహారాజా కళాశాల, విజయవాడలో ఘంటసాల గారి పేరుతో ఉన్నది, హైదరాబాదులో త్యాగరాజ, సికింద్రాబాదులో భక్త రామదాసు కళాశాల, తిరుపతిలో దేవస్థానం వారిది. ప్రైవేటు పాఠాలతో పోలిస్తే ఇక్కడ ఫీజు భారం బాగా తక్కువ.

ఇక పోటీల సంగతి. మన తెలుగువాళ్ళకి పోటీలు కొత్తేమీ కాదు. 1929లో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు పోటీల్లో పేరు తెచ్చుకున్న నటులు ఎందరో. బొమ్మలు వేసే పిల్లలకు కార్టూనిస్టు శంకర్ గారు 1949లో మొదలుపెట్టిన అంతర్జాతీయ బాలల పోటీ పేరున్నది. పాడేవాళ్ళకి ఆకాశవాణి సంగీత పోటీలు. ఇవికాక త్యాగరాజ ఆరాధనలకు, నవరాత్రులకు ఊరూరా సభలవాళ్ళు పిల్లలకు పోటీలు పెడుతూనే ఉంటారు.

అయితే ఒక్క హెచ్చరిక. ఈమధ్య ప్రవేశ రుసుం వేలల్లో గుంజి, వచ్చినవాళ్ళందరికీ ఓ బిరుదు, ఓ షీల్డు చేతిలో పెట్టి పంపే "పోటీలు" బయల్దేరాయి. డ్రెస్సుకింత, ఫొటోకింత, సర్టిఫికెట్టుకింత! మా బంధువులావిడ ఒకరు కూతురికోసం గాజులు తాకట్టు పెట్టి మరీ అలాంటి ఓ కార్యక్రమానికి పంపింది. వందలమంది పిల్లల మధ్య ఆ పిల్ల ఎక్కడుందో కన్నతల్లికే కనపడలేదు. న్యాయనిర్ణేతలు ఎవరు, ఫీజెంత, ఎంతమందికి బహుమతులు అన్న మూడు ప్రశ్నలూ అడగండి. అందరికీ బహుమతి అంటే అది పోటీ కాదు, బేరం.

దరఖాస్తుకు కావలసినవి ముందే ఓ ఫైల్లో పెట్టుకోండి. పుట్టినతేదీ సర్టిఫికెట్టు, స్కూల్లో చదువుతున్నట్టు కాగితం, ఎన్నాళ్ళనించి నేర్చుకుంటోందో గురువుగారు రాసిచ్చిన ఉత్తరం, తండ్రి ఆదాయం కాగితం, ఫొటోలు. స్కూల్లో, ఆస్పత్రిలో పేరు స్పెల్లింగు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఆ ఒక్క అక్షరం దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. ఎంపికకు వెళ్ళేరోజు కడుపునిండా పూరీలూ, నూనె సరుకులూ పెట్టకండి. రెండు ఇడ్లీలు, గోరువెచ్చని నీళ్ళు చాలు. పాడే పిల్లలకు ఐసు జోలికి పోవద్దని చెప్పండి. గెలవకపోతే దారిలో "పక్కింటి పిల్లకి వచ్చింది చూడు" అన్న మాట మాత్రం నోట రానీయకండి. ఆ ఒక్క మాటకి హార్మోనియం మూలన పెట్టేసిన పిల్లలు నాకు తెలుసు.

ఇంతకీ మా ఎదురింటి పిల్ల ఏమైందంటారా? అక్కడికే వస్తున్నాను.

ఘంటసాల గారి కథ మీకు తెలిసే ఉంటుంది. తండ్రి పోయాక, సంగీతం నేర్చుకోవాలని చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరారు ఆయన. పట్రాయని సీతారామశాస్త్రిగారు పైసా తీసుకోకుండా చదువు చెప్పారు. మరి భోజనం? భుజాన జోలె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధుకరం చేశారు. ఆ జోలెలో అన్నం పెట్టిందెవరు? విజయనగరం ఇల్లాళ్ళు! వాళ్ళ పేర్లు ఎక్కడా రాసిలేవు. కాని ఆ గొంతు మనకు దక్కడంలో వాళ్ళ చేతి ముద్ద ఉంది. ఏ ప్రభుత్వ పథకమూ లేని రోజుల్లో మొదటి స్కాలర్‌షిప్పు మన వంటింట్లోంచే వెళ్ళిందన్నమాట.

ఆ మాటే మా వీధిలో పదిమందిమి అనుకున్నాం. ఇంటికి నెలకు వంద. పది ఇళ్ళు, ఏడాదికి 12,000. మాస్టారి ఫీజు నెలకు 800 చొప్పున 9,600 పోగా, తీగలకు, బస్సు ఛార్జీలకు 2,400 మిగిలింది. కాని ఆ తల్లి ఒప్పుకోలేదు. "వదినా, దానం పుచ్చుకుని నేర్చుకున్న విద్య పిల్లకు వద్దు" అని ఖచ్చితంగా చెప్పేసింది. ఆవిడ మాటా సబబే. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మర్నాడు ఆ పిల్లే దారి చూపించింది. "పిన్నిగారూ, ఆదివారం పూట మీ అందరి పిల్లలకీ నేను సరళీ స్వరాలు చెప్తాను. అప్పుడు అది ఫీజవుతుంది కదా!" అంది. అమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగీత కళాశాలలో చేరింది. పెద్ద విద్వాంసురాలు అవుతుందో లేదో నాకు తెలీదు. సాయంత్రం మా వీధిలో వయొలిన్ మాత్రం ఆగలేదు.

మా గుడి దగ్గర డోలు వాయించే ఆయన కొడుక్కి 11 ఏళ్ళు వచ్చాయని తెలిసి, కిందటేడాదికి ముందటేడాది మేమే దరఖాస్తు నింపించాం. మొదటిసారి రాలేదు. ఏడ్చాడు. రెండోసారి పెట్టించాం. వచ్చింది! వాళ్ళమ్మ కొబ్బరి లస్కోరా చేసి వీధంతా పంచింది.

మీ వీధిలోనూ ఓ పిల్ల పాడుతూ ఉండి ఉంటుంది, ఓ పిల్లాడు గోడమీద బొగ్గుతో బొమ్మలు వేస్తూ ఉంటాడు. వాళ్ళకి ఎన్నేళ్ళో ఈ రోజే కనుక్కోండి. ఈసారి అరలో పేపరు పరిచేముందు ఒక్కసారి తిరగేసి చూడండి. పచ్చడి జాడీ రెండు నిమిషాలు ఆగుతుంది, పిల్లల వయసు ఆగదు కదమ్మా!