పేరు చూసి పక్కన పెడితే
ఒకే అర్హత, తేడా పేరులోనే. అలాంటి దరఖాస్తులను ప్రైవేటు సంస్థలకు పంపి చూసిన సుఖదేవ్ థోరాట్, పాల్ ఆటెవెల్, ముస్లిం పేరున్న వాటికి పిలుపులు బాగా తగ్గాయని 2007లో వెల్లడించారు. రాజ్యాంగంలోని 16వ అధికరణ ప్రభుత్వోద్యోగాలకే పరిమితం. ప్రైవేటు రంగానికీ వివక్ష నిరోధక చట్టం కావాలన్న మన డిమాండు అలాగే ఉంటుంది. అయితే దరఖాస్తు రేపే పంపాలి. టెన్త్ మెమోలో ‘మహమ్మద్’, ఆధార్‌లో ‘ఎండీ’ అని ఉంటే ధ్రువపత్రాల పరిశీలనలోనే చిక్కు వస్తుంది, ముందే సరిచేయించుకోవాలి. తండ్రి మెకానిక్ షెడ్డులో మూడేళ్లు పనిచేసిన యువకుడు, ఇంట్లో జరీపని ఆర్డర్ల లెక్కలు చూసిన యువతి బయోడేటాలో ‘అనుభవం లేదు’ అని రాసుకోవడం విచారకరం. ఆ పని ఎన్నాళ్లు, ఎంతమేరకు చేశారో అంకెలతో రాయాలి. కవరింగ్ లెటర్ మొదలు కావలసింది దానితోనే, ఇంటి పేదరికంతో కాదు.