ఒక్క ఏడాదితో కెరియర్‌ను తేల్చేస్తామా?

ఫుట్‌బాల్‌లో ‘ఫ్లాపైన ఖరీదైన కొనుగోళ్లు’ అని జాబితా వేస్తే తరచూ కనిపించే పేరు దిమిత్రో చిగ్రిన్‌స్కీ. ఉక్రెయిన్ డిఫెండర్, ఇప్పుడు రిటైరయ్యాడు. ప్లేస్‌మెంట్ల టెన్షన్‌లో ఉన్న మాకు ఈ ఫుట్‌బాల్ గోలెందుకు అంటారా? అతని కెరియర్‌ను ఆ ఒక్క ముక్కతో తేల్చేయడం అన్యాయమని నా అభిప్రాయం. మన విషయంలో మనమూ ఇదే చేస్తుంటాం.

2009 మేలో అతను ఆడే షాక్తర్ దొనెత్స్క్ యుయెఫా కప్ గెలిచింది. ఉక్రెయిన్ స్వతంత్ర దేశమయ్యాక అక్కడి క్లబ్‌కు దక్కిన తొలి యూరోపియన్ ట్రోఫీ అది. ఆగస్టు చివర్లో బార్సిలోనా అతన్ని రెండున్నర కోట్ల యూరోలకు కొనేసింది. వయసు 22, కాంట్రాక్టు ఐదేళ్లు. మన భాషలో చెప్పాలంటే డ్రీమ్ కంపెనీ, రికార్డు ప్యాకేజీ!

కానీ అతని స్థానంలో అప్పటికే పుయోల్, పీకే పాతుకుపోయి ఉన్నారు. సీజన్ మొత్తంలో లీగ్‌లో ఆడింది 12 మ్యాచ్‌లే. ఏడాది తిరక్కుండానే కోటిన్నర యూరోలకు మళ్లీ షాక్తర్‌కే అమ్మేశారు. అతను అక్కడ ఇరగదీశాడని నేను అనను, తడబడ్డ మ్యాచ్‌లూ ఉన్నాయి. అయితే కోచ్ గార్డియోలా మాత్రం అతను ఉండాలనే కోరుకున్నాడు. క్లబ్‌కు డబ్బు కటకట వచ్చింది, అప్పుడే కొత్త యాజమాన్యం దిగింది. అంటే అతన్ని పంపించడంలో ఆట కంటే అకౌంట్స్ పాత్రే ఎక్కువ. లేఆఫ్ మెయిల్ అందుకున్నవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది.

కథ అక్కడితో ఆగలేదు. గాయాలు వేధించినా ఆట మానలేదు. షాక్తర్, ద్నిప్రో తర్వాత 2016లో గ్రీస్ వెళ్లి ఏఈకే ఏథెన్స్‌లో చేరాడు. 2018లో ఆ క్లబ్ 24 ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్ గెలిచినప్పుడు అతను ఆ జట్టులో ఉన్నాడు. బార్సిలోనా అభిమానులకు అతనొక జోక్ కావచ్చు, ఏథెన్స్‌లో మాత్రం ఛాంపియన్.

‘నీతులు బాగానే ఉన్నాయి, ఎడ్యుకేషన్ లోన్ ఎవరు కడతారు?’ అనొచ్చు. నిజమే. ప్యాకేజీ వద్దని ఎవరూ అనరు, వస్తే వదలొద్దు కూడా. ఆఫర్ వచ్చినప్పుడు ఇంకో రెండు ప్రశ్నలు కూడా వేసుకోండి. అక్కడ నాకు నిజంగా పని దొరుకుతుందా? నేర్పించే సీనియర్లు ఉన్నారా? బెంచ్ అనే మాట ఫుట్‌బాల్‌లోనూ ఉంది, ఐటీలోనూ ఉంది. రెండుచోట్లా ఎక్కువకాలం కూర్చుంటే చేతిలో ఉన్న విద్య తుప్పు పడుతుంది.

ఒకవేళ తీసేస్తే? కారణం మీ పనా, వాళ్ల లెక్కలా అన్నది విడదీసి చూడండి. పనిలో లోపముంటే దిద్దుకోండి. లెక్కలే కారణమైతే ఆ భారం మీరు మోయకండి. రెజ్యూమెలో ఆ ఏడాది ఒక్క లైనే. కింద బోలెడు ఖాళీ ఉంది.