ఓడ ఎక్కే ముందు

ఓడలో లక్షద్వీపాలకు తొలిసారి వెళ్ళదలచిన కుటుంబాలకు కొన్ని మాటలు. కొచ్చి నుండి బయలుదేరే 'సముద్రం' యాత్ర ఐదు రోజులది. రాత్రులు ఓడలో, పగళ్ళు కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులలో గడుస్తాయి. ప్రవేశానుమతి పత్రం ముందే చేతిలో ఉండాలి.

తొలి రాత్రి కడుపులో తిప్పడం సహజం. వైద్యుని అడిగి, వాంతులు ఆపే మాత్రను ఓడ కదలడానికి ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక మింగినది నిలవదు. కింది అంతస్తులో, ఓడ నడిభాగాన ఊపు తక్కువ. నమాజులో నిలబడితే తల తిరిగి పడిపోయేలా ఉన్నవారు కూర్చుని చేయవచ్చు. ఈ సౌలభ్యాన్ని వాడుకోవడానికి మన పెద్దలు ఎందుకో మొహమాటపడతారు!

అసలు జాగ్రత్త కావలసినది దీవి దగ్గర. లోతు చాలని చోట్ల ఓడ ఒడ్డుకు రాదు, దూరంగా నిలిచిపోతుంది. అక్కడి నుండి చిన్న పడవలోకి దిగాలి. ఆ పడవ అలతోపాటు లేస్తూ పడుతూ ఉంటుంది. అది పైకి లేచినప్పుడు, నావికుడు చెప్పిన క్షణాననే అడుగు వేయాలి. సంచి వీపున ఉండాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. బురఖా అంచు కాలికి అడ్డుపడకుండా చూసుకోవాలి. పసిబిడ్డను ముందుగా నావికుని చేతికి అందించాలి.

మోకాళ్ళ నొప్పులున్న తల్లిని వెంట తీసుకువెళ్ళదలచినవారు ఈ సంగతి టికెట్టు కొనకముందే ఆమెకు వివరించాలి. ఓడ మీది నుండే దీవిని చూస్తానని ఆమె అంటే బలవంతపెట్టవద్దు. ఒకరు ఆమె దగ్గర ఉండిపోవాలి.