ఛత్రీ కొండ మన వఫాదారీకి సర్టిఫికెట్ కాదు

లండన్‌లో నౌకరీ చేస్తున్న పిల్లల దగ్గరికి వెళ్లిన మన అమ్మీఅబ్బాల ఫొటోలు ఖాందాన్ గ్రూపులో రోజూ పడుతుంటాయి. లండన్ ఐ, బకింగ్‌హామ్ మహల్, మళ్లీ లండన్ ఐ. ఒక ఆదివారం వాళ్లను బ్రైటన్ రైలెక్కించమని నా సలహా.

బ్రైటన్ అంచున ప్యాచమ్ దాటాక కొండ మీద ఛత్రీ అనే తెల్ల పాలరాతి గుమ్మటం ఉంది. దాని దాకా కారు పోదు. గొర్రెలు మేసే పచ్చిక గుండా నడిచి ఎక్కాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఆగి ఆగి ఎక్కాలి.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో గాయపడిన హిందుస్తానీ సిపాయిలను బ్రైటన్‌కు తెచ్చారు. రాయల్ పెవిలియన్ అనే రాజమహలే దవాఖానా అయింది. హిందువులకు, ముస్లింలకు వేర్వేరు బావర్చీఖానాలు, వేర్వేరు నీళ్ల కొళాయిలు. ప్రాణం పోయాక దారులూ వేరయ్యాయి. హిందూ, సిక్కు సిపాయిలు 53 మందిని ఈ కొండ మీద దహనం చేశారు. ఛత్రీని 1921లో వేల్స్ యువరాజు ఆవిష్కరించాడు. ముస్లింల మయ్యిత్‌లు సర్రేలోని వోకింగ్‌కు, షాజహాన్ మస్జిద్ దగ్గరి ఖబ్రస్తాన్‌కు వెళ్లాయి. ముస్లిం సిపాయిలకు సరిగ్గా దఫన్ కూడా జరగడం లేదని జర్మనీ ప్రచారం మొదలెట్టాక ఆ ఖబ్రస్తాన్ మీద సర్కారుకు శ్రద్ధ పెరిగింది. దాని చుట్టూ గోడ, గుమ్మటపు దర్వాజా లేచాయి.

ఇక నా ఎతరాజ్. ప్రతి ఆగస్టు 15కీ వాట్సాప్‌లో ఒక జాబితా తిరుగుతుంది: దేశం కోసం మన వాళ్లూ ఖూన్ ఇచ్చారని. అందులో ఈ సిపాయిల పేర్లూ కలిపేస్తారు. వాళ్లు పోరాడింది మన ఆజాదీ కోసం కాదు. అంగ్రేజీ బాద్షా కోసం. నెలకు 11 రూపాయల తన్ఖా, ఇంట్లో ఆకలి, ఖాందానీ ఫౌజీ పేరు. ఎవరి మజ్‌బూరీ వాళ్లది.

పైగా 1914 నవంబర్‌లో ఇస్తాంబుల్ నుంచి అంగ్రేజుల మీద జిహాద్ ప్రకటన వచ్చింది. మన నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ అంగ్రేజుల పక్షమే నిలిచాడు. హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా దాకా వెళ్లి, తుర్కీ ఫౌజు మీద పోరాడిన బ్రిగేడ్‌లో పనిచేశారు. ఇరువైపులా కలిమా చదివేవాళ్లే. అలాంటి మరణాలను షహాదత్ అని తేల్చేయడానికీ, గద్దారీ అని తిట్టడానికీ మనమెవరం?

వఫాదారీ రుజువు కోసం ఖబర్లను తవ్వుకోవాల్సిన గతి మనకెందుకు? ఈ దేశంలో పుట్టాం, పన్ను కడుతున్నాం, వోటేస్తున్నాం. చాలదా?

అయినా ఆ కొండ ఎక్కాలి. ప్రశ్నలు పిల్లల నోట రావాలంటే ఆ నడక అవసరం. కుదిరితే ఇంకో రోజు వోకింగ్ కూడా వెళ్లండి. ఆ సిపాయిల మయ్యిత్‌లను 1960ల చివర్లో పక్కనే ఉన్న బ్రూక్‌వుడ్ ఫౌజీ ఖబ్రస్తాన్‌కు మార్చారు. పాత చోట ఇప్పుడు తోట ఉంది, రాయి మీద 27 పేర్లున్నాయి. ఫాతిహా అయ్యాక ఆ పేర్లు పిల్లలతో బిగ్గరగా చదివించండి. అంగ్రేజీ స్పెల్లింగులో వంకరపోయిన పేర్లను దాదీ సరిదిద్దుతుంది.